నాలుగు రెక్కల కిటికీ

2023 డిసెంబరు నాలుగో తేదీ రాత్రి భట్టిప్రోలులో ఆ మాస్టారి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. మిచాంగ్ తుపాను బాపట్ల వైపే వస్తోందని టీవీలు పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాయి. సాయంత్రానికి కరెంటు పోయింది. అర్ధరాత్రి దాటాక ఈశాన్యపు గాలి తూర్పు గది మీద పడింది. అక్కడున్న రెండు కిటికీల్లో ఒకదాని కింది రెక్క టపటపా కొట్టుకుని కొట్టుకుని, తెల్లవారుజామున మడతబందులతో సహా ఊడి పెరట్లో పడింది. ఆ సందులోంచి వాన అడ్డంగా లోపలికి కొట్టింది. మాస్టారు మడతమంచం ఎత్తి కిటికీకి అడ్డం పెట్టి, దాన్ని వీపుతో నొక్కిపట్టి నిలబడ్డారు. ఆయన భార్య గోడ పక్కన పేర్చిన పుస్తకాలను ఒడిలో వేసుకుని ముందు గదిలోకి మోసింది. మోసినవి సగం, తడిసినవి సగం.

ముందు గదిలో మంచం మీద మాస్టారి తల్లి. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్లు.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"తూర్పు గది కిటికీ పోయిందమ్మా."

"పోతే పోయింది. కప్పు ఉందా?"

1977 నవంబరు 19 చూసిన మనిషి ఆవిడ. దివిసీమను ఉప్పెన మింగిన ఆ రోజు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎగిరిపోయిన కప్పుల్ని తెల్లారాక కళ్లారా చూసింది. అందుకే కిటికీ ఆవిడ లెక్కలో లేదు. కానీ ఆ రెండింటికీ సంబంధం ఉంది. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ బద్దలైతే లోపలికి దూసుకొచ్చిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. అది కప్పును కిందినుంచి పైకి ఎత్తుతుంది. పైనుంచి తుపాను లాగుతుంది, కిందినుంచి ఇది నెడుతుంది. రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు ఎక్కువగా లేచిపోయేది అలాగే. మాస్టారిది మద్రాసు టెర్రస్ ఇల్లు కాబట్టి కప్పు కదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం తుపాను బాపట్లకు దక్షిణాన, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. గాలి ఆగ్నేయానికి తిరిగింది. సాయంత్రానికి తెరిపిచ్చింది.

ఆ రాత్రే భార్య తేల్చి చెప్పింది. "ఏవండీ, ఈ కిటికీలన్నీ తీయించేద్దాం."

ఆవిడ ఆ మాట అనడం అది మొదటిసారి కాదు. 1964లో మాస్టారి తండ్రి కట్టించిన ఇల్లు అది. పద్దెనిమిది అంగుళాల గోడలు, సున్నంతో కట్టుబడి. మొత్తం తొమ్మిది కిటికీలు. వంటింట్లో చిన్నవి రెండు, మిగతా ఏడూ నాలుగేసి రెక్కలవి. కింద జత, పైన జత. మధ్యలో ఊచలు. ఆ కాలంలో ఇల్లు కట్టినవాళ్లకు కిటికీ అంటే ఇదే. లెక్క వేస్తే ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, వంటింటివి నాలుగు, వెరసి ముప్పై రెండు రెక్కలు, ముప్పై రెండు గడియలు. సాయంత్రం ఐదున్నర అయితే చాలు, ఊరి చుట్టూ ఉన్న కాలవల మీదినుంచీ వరి పొలాల మీదినుంచీ దోమలు దండెత్తుతాయి. ఈలోపు ముప్పై రెండూ వేయాలి. పొద్దున్నే ముప్పై రెండూ తీయాలి. వానాకాలంలో ఉబ్బి సగం పడవు. ఎండాకాలంలో ఎండి సందులు పడి దోమలకు దారి ఇస్తాయి. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆవిడ చేస్తున్న పని అది. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. పాత కిటికీల అందం గురించి మాట్లాడేవాళ్లలో వాటిని రోజూ వేసి తీసేవాళ్లు ఎందరో ఒకసారి అడిగి చూడాలి.

మాస్టారు సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటా పిల్లల్ని వరసగా నిలబెట్టి ఊళ్లోని స్తూపం దిబ్బకు తీసుకెళ్లేవారు. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించినప్పుడు రాతి పేటికలూ, స్ఫటికపు భరిణా, క్రీస్తు పూర్వపు శాసనాలూ దొరికాయని, కుబీరక రాజు పేరు వాటిలో ఉందని చెప్పేవారు. అంతకుముందే స్తూపం ఇటుకలూ రాళ్లూ రోడ్లకూ కాలవ పనులకూ తరలిపోయాయని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కాస్త పెరిగేది. అందుకే ఇంట్లో ఏ పాత వస్తువు తీసేద్దామన్నా ఆయన ముఖం మారుతుంది. "మీకు పాతదేదైనా స్తూపమే" అంటుంది భార్య. ఈసారి మాత్రం ఆయన ఎదురు చెప్పలేదు. తడిసిన పుస్తకాలు పెరట్లో తాడు మీద ఆరుతున్నాయి.

డాలస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ఉత్సాహపడిపోయాడు. వాళ్లింటికి ఆ మధ్యే కిటికీలన్నీ మార్పించాడట. రెండు అద్దాలు, వాటి మధ్య ఆర్గాన్ వాయువు, అద్దం మీద వేడిని వెనక్కి కొట్టే సన్నని పూత. కరెంటు బిల్లు తగ్గిందన్నాడు. "నాన్నా, యూపీవీసీ పెట్టించెయ్యండి. చెద పట్టదు, తుప్పు పట్టదు, రంగు వెయ్యక్కర్లేదు." అతను చెప్పిన మూడూ నిజమే. నానమ్మను కూడా పలకరించి, "మామ్మా, నీకూ కొత్త కిటికీ వస్తుంది" అన్నాడు. ఆవిడ నవ్వింది. "నాకేం కావాలి నాయనా, మీ ఇష్టం" అంది.

పెద్దవాళ్లు ఈ మాట అన్నప్పుడు ఇళ్లలో అందరూ హమ్మయ్య అనుకుంటారు.

తెనాలిలో ఒక కొట్టుకు వెళ్లారు. అల్యూమినియం, యూపీవీసీ రెండూ ఉన్నాయి. అల్యూమినియం చౌక, సన్నగా ఉంటుంది, వెలుతురు ఎక్కువ వస్తుంది. కానీ లోహం కాబట్టి బయటి ఎండను లోపలికి మోసుకొస్తుంది. మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఉప్పుగాలి తగిలే చోట పైపూత మంచిది కాకపోతే పొక్కులు వస్తాయి. యూపీవీసీ అంటే మెత్తదనం కోసం కలిపే పదార్థాలు కలపని పీవీసీ. గట్టిగా ఉంటుంది. లోపల గదులు గదులుగా బోలుగా ఉంటుంది కాబట్టి వేడి తొందరగా దాటదు. ఆ బోలులో గాల్వనైజ్ చేసిన ఇనుప పట్టీ దూర్చాలి. అది ఉంటేనే గాలికి వంగకుండా నిలబడుతుంది. నాసిరకంలో ఆ పట్టీ ఉండదు, నాలుగు ఎండాకాలాలు చూసేసరికి తెలుపు పసుపవుతుంది, మూలలు పెళుసు బారతాయి. కొనేవాళ్లు అడగాల్సింది రంగు కాదు, కోసిన ముక్క. దాన్ని చేత్తో పట్టుకుని బరువు చూడాలి, లోపల ఇనుము ఉందో లేదో చూడాలి. మాస్టారు ఇవేవీ అడగలేదు. కొట్టులో చల్లగా ఉంది, కిటికీ నున్నగా జరిగింది. భార్య రెండుసార్లు జరిపి చూసింది. ఒక వేలితో!

తొమ్మిదింటికీ కలిపి లక్ష రూపాయల పైమాట చెప్పారు. మాస్టారు మధ్యతరగతి తెలివి చూపించి, "ముందు ఒకటి పెట్టండి, చూసి మిగతావి చెబుతాం" అన్నారు. ఆ ఇంటిని కాపాడింది ఆ తెలివే.

తుపానుకు పోయిన తూర్పు గది కిటికీకే మొదట పెట్టారు. పక్కకు జరిపే రకం, దానికే దోమల మెష్. పాత కొయ్య చట్రం పెకిలిస్తే సున్నపు గోడ రాలుతుందని, చట్రాన్ని అలాగే ఉంచి లోపల కొత్తది బిగించారు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఇల్లాలు పొంగిపోయింది. వీధిలో వాళ్లు వచ్చి చూసి వెళ్లారు.

ఏప్రిల్ వచ్చింది. ఆ గదిలో గాలి ఆడటం లేదని మొదట పనిమనిషి అంది. ఫ్యాను పాతదైపోయిందనుకున్నారు. ఫ్యాను మార్చారు. మే నెలలో మాస్టారి దగ్గర చదువుకుని ఇప్పుడు ఇంజనీరుగా ఉన్న ఒకాయన చూడటానికి వచ్చి, కూర్చున్న చోటునుంచి కిటికీ వైపు చూసి, "మాస్టారూ, ఇది ఎంత తెరుచుకుంటుందో కొలిచారా?" అన్నాడు.

అప్పుడు టేపు తీశారు. నాలుగడుగులకు నాలుగడుగుల కిటికీ. పదహారు చదరపు అడుగులు. పాత చట్రం లోపల కొత్త చట్రం దూరేసరికి చుట్టూ మూడేసి అంగుళాలు పోయాయి. మూడున్నరకు మూడున్నర, అంటే పన్నెండు. పక్కకు జరిపే కిటికీలో ఒక అద్దం రెండోదాని వెనక్కి పోతుంది, అంతే. ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. ఆరు. పాత కిటికీలోంచి పదహారు వచ్చే చోట ఆరు వస్తోంది! దాని మీద మెష్ ఒకటి. సన్నని జాలీ దోమను ఆపినట్టే గాలిని కూడా కొంత ఆపుతుంది.

దేశంలో ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే జాతీయ భవన నిర్మాణ నియమావళిలో దీనికి లెక్క ఉందని ఆ ఇంజనీరు చెప్పాడు. ఉక్కపోసే వేడి ప్రాంతాల్లో గది నేల విస్తీర్ణంలో ఆరోవంతు కిటికీలు ఉండాలి. పొడి వేడి ప్రాంతాల్లో పదోవంతు చాలు, చలి ప్రాంతాల్లో పన్నెండోవంతు. కిటికీలో కొంత భాగం తెరుచుకోకుండా బిగించి ఉంటే తెరుచుకునే భాగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. తూర్పు గది పద్నాలుగు, పన్నెండు. నూట అరవై ఎనిమిది చదరపు అడుగులు. ఆరోవంతు ఇరవై ఎనిమిది. 1964లో ఆ మేస్త్రీ ఏ పుస్తకం చదివాడో ఏమో, రెండు కిటికీలూ కలిపి ముప్పై రెండు పెట్టాడు. ఇప్పుడు ఇరవై రెండు. రెండోదీ ఇలాగే మారిస్తే పన్నెండు.

డాలస్ సంగతి వేరని మాస్టారికి అప్పుడు అర్థమైంది. అక్కడ ఇల్లంతా ఒకే యంత్రంతో చల్లబడుతుంది, చలికాలంలో వెచ్చబడుతుంది. అక్కడ కిటికీ పని లోపలి గాలిని లోపలే ఉంచడం. ఇక్కడ ఒక గదికే ఏసీ ఉంది. మిగతా ఇల్లు బతికేది కృష్ణా కాలవల మీదినుంచి సాయంత్రం వచ్చే గాలి మీద.

జులైలో ఇంకోటి బయటపడింది. ఒకరోజు రాత్రి పెద్దవాన కురిసి, పొద్దున చూస్తే కొత్త కిటికీ కింద గోడంతా చారికలు, నేల మీద మడుగు. అద్దాలు జరిగే గాడి నిండి నీళ్లు లోపలికి పొర్లాయి. అలాంటి గాడికి బయటివైపు చిన్న చిన్న కన్నాలుంటాయి. పడ్డ నీరు వాటిలోంచి వీధిలోకి పోవాలి. బిగించిన కుర్రాడు చుట్టూ సిలికాన్ పూస్తూ పూస్తూ ఆ కన్నాలు కూడా శ్రద్ధగా పూడ్చేశాడు. మాస్టారు పాత సైకిలు పుల్లతో వాటిని పొడిచి తెరిచారు. నీళ్లు పోయాయి. తర్వాత చీమలు మట్టి తెచ్చి పెట్టాయి. ఇప్పుడు నెలకోసారి పుల్ల పెట్టి పొడవడం ఆయన పని. ఆ గదిలో పడుకోవడం కూడా ఆయన వంతే అయింది. కొట్టులో తలూపింది ఆయనే కదా అంటుంది ఇల్లాలు. వేలితో జరిపి చూసింది ఎవరో ఆయన గుర్తు చేయరు.

అయినా మిగతా ఎనిమిదింటి సంగతి తేలాలి. కొట్టు కుర్రాడు కొలతలకు మళ్లీ వచ్చాడు. ఈసారి ముందు గదిలోకి.

ముందు గది కిటికీ వీధిలోకి ఉంటుంది. దాని పక్కనే పెద్దావిడ మంచం. 2021లో తుంటి ఎముక విరిగినప్పటినుంచి ఆవిడ లోకమంతా ఆ నాలుగడుగులే. గోడ మందం కాబట్టి కిటికీ అడుగున అరుగులాంటి గూడు ఉంటుంది. అక్కడ ఆవిడ కళ్లజోడు, మంచినీళ్ల చెంబు, అమృతాంజనం సీసా, చిల్లర డబ్బుల డబ్బా. కింది రెక్క గడియకు ఒక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. పడుకునే లాగితే రెక్క మూసుకుంటుంది. బట్ట మార్చుకునేటప్పుడు, భోజనం చేసేటప్పుడు కింది రెక్కలు మూస్తుంది. పై రెక్కలు తెరిచే ఉంటాయి. వీధిలో వాళ్లకు ఆవిడ కనిపించదు, ఆవిడకు గాలీ వెలుతురూ ఆగవు. గదిలో వేడెక్కిన గాలి పైకి చేరి పై రెక్కల్లోంచే బయటికి పోతుంది. నాలుగు రెక్కలు ఎందుకు పెట్టారో ఆ గదిలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

పొద్దున రేపల్లె రైలు కూత వింటూ ఆవిడ లేస్తుంది. తర్వాత బడిపిల్లలు. తర్వాత ఆకుకూరల ఆవిడ గంప దించుతుంది. ఊచల మధ్యనుంచి గోంగూర కట్ట లోపలికి, పది రూపాయలు బయటికి. మధ్యలో అరగంట కబుర్లు. ఎవరింట్లో పెళ్లి, ఎవరి కోడలికి కాన్పు, ఏ చేలో పురుగు. కాలు కదపకుండా ఊరి సంగతులన్నీ కొడుకు కన్నా ముందు ఆవిడకు తెలుస్తాయి.

కుర్రాడు టేపు పట్టాడు. "మెష్ ఎటువైపు వస్తుంది బాబూ?" అని మాస్టారు అడిగారు. "ఒక సగం ఎప్పుడూ అద్దమే సార్. తెరిచిన సగంలో మెష్ ఉంటుంది. ఇంక దోమ రాదు" అన్నాడు. అదే సమయానికి ఆకుకూరల ఆవిడ గంప దించింది. "ఏంటి మామ్మగారూ, కిటికీ మార్పిస్తన్నారా?" పెద్దావిడ ఏమీ అనలేదు. కుర్రాడు కొలతలు రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున కోడలు కాఫీ గ్లాసుతో వస్తూ గుమ్మం ఇవతలే ఆగిపోయింది. అత్తగారు ఊచల్లోంచి మాట్లాడుతోంది.

"పై వారం నించి వాకిట్లోకి వచ్చి కేకెయ్యవే. కోడలు వచ్చి తీసుకుంటుంది."

"మీరో మామ్మగారూ?"

"నాకేముందే. చూసినన్నాళ్లు చూశాను."

కోడలు కాఫీ ఇచ్చింది. మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లింది. ఆ అత్తాకోడళ్ల మధ్య నలభై ఏళ్లలో ఎన్నో జరిగి ఉంటాయి. అవన్నీ ఇక్కడ చెప్పుకోనక్కర్లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడే అంది. "ముందు గది కిటికీ ముట్టుకోవద్దని చెప్పండి."

"మరి దోమలో? నీ మోకాళ్లో?"

"ఒక్క కిటికీకి నా మోకాళ్లు పడిపోవులెండి. దోమల సంగతి వడ్రంగిని అడుగుదాం."

వడ్రంగి వెల్లటూరు మనిషి. కబురు పెట్టిన వారానికే కృష్ణకు వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. కొల్లూరు, భట్టిప్రోలు మండలాల్లో లంక గ్రామాలు నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లు తీశాక అతనికి చేతినిండా తలుపుల పని. మాస్టారి ఇంటికి వచ్చేసరికి అక్టోబరు అయింది. వస్తూనే అన్న మాట ఇది: "లంకల్లో ఫ్లష్ డోర్లు పొరలు పొరలుగా విచ్చుకుపోయినయ్ మాస్టారూ. టేకు తలుపులు ఉబ్బినయ్. ఆరాక చిత్రిక పడితే మళ్లీ దారికొచ్చినయ్."

అతను టేపు తీయలేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి రెక్కల్ని ఒక్కో చోట గుచ్చుకుంటూ వెళ్లాడు. పైన గుచ్చితే దిగలేదు. కింది రెక్కల అడుగు కమ్ముల దగ్గర మాత్రం వెన్నలో దిగినట్టు దిగింది. వాన నీరు జారి జారి అక్కడే నిలుస్తుంది. కొయ్య చివర్లు స్పాంజిలా నీటిని పీలుస్తాయి. అక్కడే రంగు ముందు పోతుంది, అక్కడే కుళ్లు మొదలవుతుంది. తూర్పు గది రెక్క మడతబందులతో ఊడింది కూడా అందుకే. గాలి బలం కన్నా మేకులు పట్టుకున్న కొయ్యలో బలం పోవడం అసలు కారణం. చెద తిన్న చోట్లు రెండు కనిపించాయి. అవి చేవ లేని తెల్లకొయ్య వాడిన చోట్లు. టేకైనా చేవ ఉన్న భాగాన్నే చెద ముట్టుకోదు.

"కిటికీ పోలేదు మాస్టారూ. దాని కాళ్లు పోయినయ్" అన్నాడు.

తర్వాత మూలనుంచి మూలకు పురికొస పట్టి కొలిచాడు. రెండు మూలల కొలతలకూ అర అంగుళం తేడా. ఈ ఊళ్లో అన్ని ఇళ్లూ అంతే. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. దానితోపాటే పునాదీ, పునాదితోపాటే గోడా. అరవై ఏళ్లలో చట్రాలు కాస్త కాస్త ఒరుగుతాయి. కొయ్య రెక్క అయితే రెండు చుట్లు చిత్రిక పట్టి సరిచేస్తారు. యూపీవీసీ రెక్కను చిత్రిక పట్టలేరు. అందుకే కొత్త కిటికీకి కొలత తీసేటప్పుడు వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల చూడాలి. ఎత్తు కూడా అంతే. వాటిలో అన్నిటికన్నా తక్కువది పట్టుకుని, చుట్టూ కాస్త సందు వదిలి చేయించాలి. కొట్టు కుర్రాడు ఒక్క చోటే కొలిచి రాసుకున్న సంగతి ఆ పూట అందరికీ గుర్తొచ్చింది.

ఒక పూటంతా ఇల్లు తిరిగి మాట్లాడుకున్నారు. ఇంజనీరు శిష్యుడు ఫోనులో, వడ్రంగి ఎదురుగా, ఇల్లాలు మధ్యమధ్యలో. తొమ్మిది కిటికీలకూ ఒకే మందు కాదని అప్పటికి అందరికీ తేలిపోయింది. వంటింటి కిటికీలు రెండూ పక్క సందులోకి ఉన్నాయి. బయటికి తెరిస్తే సందులో నడిచేవాళ్ల తల పగులుతుంది, లోపలికి తెరిస్తే గట్టు మీద గిన్నెలు అడ్డు. అక్కడ పక్కకు జరిపేవే సరి. తూర్పు గదిలో రెండోదానికి, పడమటి గదిలో రెండింటికి యూపీవీసీయే, కానీ తలుపులా తెరుచుకునే రకం. పూర్తిగా తెరుచుకుంటుంది. మూస్తే చుట్టూ ఉన్న రబ్బరు మీద నొక్కుకుని బిగుస్తుంది. గాలి ఎంత తోస్తే అంత బిగుస్తుంది. ఈ మూడింటికీ పాత చట్రాలు తీసే పెట్టాలి. సున్నపు గోడ రాలితే సిమెంటు చేయించుకోవాలి. ఆ ఖర్చు మిగుల్చుకుంటే కిటికీ చిన్నదవుతుంది. ఏసీ ఉన్న పడమటి గదికి డాలస్ మాట నెగ్గింది, అక్కడ రెండద్దాలు. అయితే పడమటెండను అద్దం లోపల కర్టెనుతో ఆపితే లాభం లేదు, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. బయటే ఆపాలి. అందుకని సన్‌షేడు కింద వట్టివేళ్ల తడిక దించారు. కోసిన ముక్క చూపించమని మాస్టారు ఈసారి కొట్టులో అడిగారు. ఇనుప పట్టీ ఉన్న రకం లోపలినుంచి తెచ్చి చూపించారు. ధర పెరిగింది.

ముందు గదివి రెండు, భోజనాల గదిది ఒకటి, ఆ మూడూ కొయ్యవే ఉండిపోయాయి. తెనాలిలో పడగొట్టిన ఇళ్ల కలప అమ్మే చోట పాత టేకు ముక్కలు దొరికాయి. కుళ్లిన అడుగు కమ్ములు కోసేసి కొత్తవి అతికాడు. వాటి అడుగున సన్నని గాడి తీశాడు. జారిన నీరు లోపలికి పాకకుండా అక్కడే తెగి కింద పడుతుంది. పాత రంగు గీకి, అవిసెనూనె పట్టించి, పైన రంగు వేశాడు. ఇనుప మడతబందులకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇక దోమల సంగతి. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, మధ్యలో ఊచలు, లోపలివైపు గోడ మందం అంతా ఖాళీయే. అక్కడ స్టీలు జాలీతో సన్నని రెక్కలు రెండు, లోపలికి తెరుచుకునేట్టు చేశాడు. అయస్కాంతంతో పట్టుకుంటాయి. గడియ లేదు, వంగక్కర్లేదు, వేలితో నెడితే చాలు. పగలు తీసేయొచ్చు, సాయంత్రం వేసుకోవచ్చు. కొయ్య రెక్కల్ని మూసే పనే లేదు, వాన వస్తే తప్ప.

పెద్దావిడ కిటికీ పని జరిగిన రెండు రోజులూ మంచం వెనక్కి జరిపారు. ఆవిడ వడ్రంగి చేతుల వంకే చూస్తూ పడుకుంది. రెక్కలు మళ్లీ బిగించాక అతను గడియకు పాత గుడ్డపీలిక కట్టబోతే, కోడలు లోపల్నుంచి కొత్త జాకెట్టు గుడ్డ చింపి తెచ్చింది. "దీంతో కట్టు మేస్త్రీ. అది చీకిపోయింది." పెద్దావిడ అందుకుని ఒకసారి లాగి చూసుకుంది. రెక్క కిర్రుమనకుండా వచ్చి మూసుకుంది. "చప్పుడు లేదేంటే?" అంది అనుమానంగా.

"నూనె వేశాడు అత్తయ్యా."

"చప్పుడుంటేనే నయం. రాత్రిపూట గాలికి కొట్టుకుంటే తెలిసేది."

అంత పనీ అయ్యాక లెక్క చూసుకుంటే, తూర్పు గదిలో చేసిన తప్పుతో కలిపి, మొదట తొమ్మిదింటికీ కొట్టువాళ్లు చెప్పిన దానికన్నా కాస్త ఎక్కువే అయింది. పాతవి బాగుచేస్తే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే మాస్టారు ఒప్పుకోరు. చేయి తిరిగిన వడ్రంగి కూలి తక్కువేం కాదు, ఆ పని చేసేవాళ్లూ ఎక్కువ మంది లేరు. కొయ్య కిటికీలకు మూడేళ్లకోసారి రంగు తప్పదని కూడా అతను చెప్పే వెళ్లాడు. ముప్పై రెండు కొయ్య రెక్కల్లో పన్నెండు మిగిలాయి. ఇల్లాలికి సాయంత్రాలు ఇప్పుడు టీవీ ముందు కాసేపు కూర్చునే తీరిక దొరికింది. తూర్పు గదిలో మాత్రం మాస్టారు ఇప్పటికీ ఫ్యాను ఐదు మీద పెట్టుకుని, సగం తెరిచిన కిటికీ వైపు తల పెట్టి పడుకుంటున్నారు. దాన్ని కూడా మార్చమని ఇంజనీరు అంటాడు. "ఉండనీ. పాఠానికి ఒకటి ఉండాలి" అంటారు ఆయన.

పనులన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున డాలస్ నుంచి ఫోను వచ్చింది. కొత్త కిటికీలు చూపించమన్నాడు కొడుకు. మాస్టారు ఫోను పట్టుకుని వంటిల్లు చూపించారు, పడమటి గది చూపించారు, రెండద్దాల మీద వేలితో కొట్టి చప్పుడు వినిపించారు. ముందు గదిలోకి వచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టి, ఫోనును కిటికీ గూట్లో చెంబుకు ఆనించి నిలబెట్టారు.

"మామ్మా, ఇదేంటి? నీ కిటికీ మార్చలేదా? పాతదే ఉందే!"

పెద్దావిడ మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. వీధిలో గంప దించిన చప్పుడు.

"కాస్త పక్కకు జరుగు నాయనా. గోంగూర కనపడటం లేదు."